కంచంలో ఖాళీ అయిన చోటు

(బరువు తగ్గడం గురించి ఒక పోషకాహార సలహాదారు చేసిన ప్రసంగం, ఆ తర్వాత జరిగిన ప్రశ్నోత్తరాలు. మాట్లాడింది మాట్లాడినట్టే, స్వల్ప సవరణలతో.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ఉపన్యాసం తర్వాత ఇస్తాను, ముందు ఒక పని చేద్దాం. ఈ బల్ల మీద మూడు వస్తువులు పెట్టాను. వంటింట్లో వాడే చిన్న కాటా, పంచదార డబ్బా, మూత పెట్టిన గిన్నెలో వండిన అన్నం. ముందు వరుసలోంచి ఎవరైనా ఒకరు రండి. మీరు రండమ్మా. టీ తాగుతారా? రోజుకి ఎన్నిసార్లు? నాలుగు. ఎన్ని చెంచాల పంచదార? ఒక్కటే. మంచిది. ఇదిగో, ఖాళీ కప్పు కాటా మీద పెట్టి సున్నా చేశాను. ఇంట్లో ఎలా వేసుకుంటారో అలాగే వెయ్యండి. నేను చూస్తున్నానని చెయ్యి బిగించకండి. (నవ్వులు)

వేశారు. అంకె ఎంతో గట్టిగా చదవండి. ఏడు గ్రాములు.

ఈమె అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఒక్క చెంచా వేశారు. కాకపోతే లెక్కల్లో చెంచా అంటే అంచుకి సమానంగా గీసిన చెంచా, అంటే 4 గ్రాములు. మనం వేసే చెంచా మీద ఒక చిన్న గోపురం ఉంటుంది. ఆ గోపురం ఎవరి లెక్కలోకీ రాదు. నాలుగు టీలకి 28 గ్రాములు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏం చెప్పిందంటే, బయటినుంచి కలిపే పంచదార, తేనె, పళ్ళరసాల్లోని చక్కెర, ఇవన్నీ కలిపి మనం రోజంతా తినే శక్తిలో పదో వంతు దాటకూడదు. ఇరవయ్యో వంతులోపు ఉంటే ఇంకా మంచిది. రోజుకి 2000 క్యాలరీలు తినే మనిషికి పదో వంతు అంటే 50 గ్రాములు, ఇరవయ్యో వంతు అంటే 25. ఈమె ఇంకా బిస్కెట్ ముట్టుకోలేదు, కూల్‌డ్రింక్ తాగలేదు, స్వీటు రుచి చూడలేదు. ఒక్క టీతోనే 25 దాటేశారు. థాంక్యూ అమ్మా, కూర్చోండి. ఆ కప్పు అక్కడే ఉంచండి, మళ్ళీ పని పడుతుంది.

నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో, బరువు తగ్గాలని వచ్చినవాళ్ళకి ఒక చార్టు ఇచ్చేదాన్ని. తినకూడనివన్నీ అందులో ఎర్ర అక్షరాల్లో ఉండేవి. పంచదార, మైదా, అన్నం, బంగాళాదుంప, బ్రెడ్, కేకు, జ్యూసు. ఒక పెద్దాయన ఆ కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, వెనక ఏమైనా ఉందేమోనని కూడా చూసి, "తినకూడనివి బాగానే రాశారమ్మా, మరి తినేది ఏది?" అన్నారు. ఆ రోజు నవ్వేసి ఏదో సర్దిచెప్పాను. ఆ ప్రశ్న ఎంత పెద్దదో నాకు తెలిసొచ్చింది నేను ఒళ్ళు చేసినప్పుడు. అవును, పోషకాహార సలహాదారులు కూడా లావెక్కుతారు. (నవ్వులు) రెండేళ్ళలో 11 కిలోలు పెరిగాను. సరే, నా చార్టు నేనే పాటిద్దామని ఒక సోమవారం అన్నం, బ్రెడ్, పంచదార అన్నీ ఒక్కసారిగా బంద్ చేశాను. వారం తిరిగేసరికి కాటా మీద 3 కిలోలు తక్కువ. నా అంత తెలివైనదాన్ని నేనే అనుకున్నాను.

నాలుగో వారంలో ఒక రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక, వంటింట్లో లైటు కూడా వెయ్యకుండా, ఫ్రిజ్ తలుపు వెలుతురులో నిలబడి ఒక బిస్కెట్ ప్యాకెట్ మొత్తం తినేశాను. కూర్చుని కూడా కాదు, నిలబడి. కవర్ చప్పుడు కాకుండా రెండు వేళ్ళతో తీస్తున్నాను చూడండి, అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మర్నాటి నుంచి చార్టు లేదు, ఏమీ లేదు. రెండు నెలల్లో పోయిన బరువు వడ్డీతో సహా తిరిగొచ్చింది.

ఇందులో రెండు విషయాలున్నాయి. ఒకటి, ఆ మొదటి 3 కిలోలు ఏమిటి? రెండోది, ఆ బిస్కెట్ ప్యాకెట్ ఎందుకు?

మొదటిది తేలిక. మనం తిన్న పిండిపదార్థాల్లో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు. ఇది పొడిగా ఉండదు. ఒక్కో గ్రాము దాదాపు 3 గ్రాముల నీళ్ళని పట్టుకుని ఉంటుంది. తిండిలో పిండిపదార్థాలు బాగా తగ్గించగానే శరీరం ముందు ఈ నిల్వనే వాడుకుంటుంది, దాంతోపాటు ఆ నీళ్ళూ పోతాయి. రక్తంలో గ్లూకోజ్‌ని అదుపులో ఉంచే ఇన్సులిన్ అనే హార్మోన్ కూడా అప్పుడు తగ్గుతుంది, దాంతో మూత్రపిండాలు ఉప్పుని కూడా ఎక్కువగా బయటికి పంపిస్తాయి, ఉప్పు వెంట మళ్ళీ నీళ్ళు. అందుకే మొదటి వారంలో కొందరికి తలనొప్పి, నీరసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం. ఆ వారం కాటా చూపించే సంతోషంలో ఎక్కువ భాగం నీళ్ళే. కొవ్వు లెక్క వేరు. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 క్యాలరీల లోటు రావాలి. వారంలో 3 కిలోల కొవ్వంటే రోజుకి 3300 క్యాలరీల లోటు. నేను మామూలుగా రోజంతా తిన్నా అంత తినను. మరి ఆ కొవ్వు ఎక్కడిది?

కాబట్టి "పది రోజుల్లో ఐదు కిలోలు" అని ఎవరైనా చెబితే, ఐదు కిలోలు దేనివని అడగండి.

ఇక రెండోదానికి వెళ్ళాలంటే ఈ గిన్నె తెరవాలి. ఈసారి ఒక అబ్బాయి రావాలి. నువ్వు రా బాబూ. మధ్యాహ్నం ఎంత అన్నం పెట్టుకుంటావో ఈ కంచంలో పెట్టు. ఇంకాస్త పెట్టుకుంటావా? మొహమాటం వద్దు. సరే. 340 గ్రాములు. వండిన తెల్ల అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, 130 క్యాలరీలు. అంటే ఈ కంచంలో 95 గ్రాముల పిండిపదార్థం, 440 క్యాలరీలు.

పిండిపదార్థం అంటే గ్లూకోజ్ పూసలు గుచ్చిన దండ. నమ్మకం లేకపోతే ఇంటికెళ్ళాక ఒక బ్రెడ్ ముక్క నోట్లో పెట్టుకుని, మింగకుండా ఒక నిమిషం నమలండి. నెమ్మదిగా తీపి తగులుతుంది. లాలాజలంలోని ఎంజైమ్ అప్పటికే ఆ దండని తెంచడం మొదలుపెట్టింది. మిగతా పని పేగుల్లో పూర్తవుతుంది. పాలిష్ పట్టిన బియ్యం, మైదాల్లో పీచు దాదాపు ఉండదు కాబట్టి ఈ తెంచడం చకచకా జరిగిపోతుంది. పప్పుల్లో, ముడి ధాన్యాల్లో కాస్త నెమ్మది. ఇదంతా చెప్పానని అన్నం విషం అని రేపు వాట్సాప్‌లో తిప్పకండి. (నవ్వులు) కోట్లమంది జీవితాంతం అన్నం తింటూ సన్నగానే ఉన్నారు. నా గొడవ అన్నంతో కాదు, ఈ 340తో. ఇంకా చెప్పాలంటే, ఆ 340 పక్కన ఏమీ లేకపోవడంతో.

చాలామంది నమ్మేదేమిటంటే, పిండిపదార్థాలు తింటే ఇన్సులిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ ఉంటే కొవ్వు కరగదు, కాబట్టి అవి మానేస్తే ఎంత తిన్నా బరువు తగ్గుతాం అని. మొదటి రెండు ముక్కల్లో కొంత నిజం ఉంది. మూడోది మాత్రం తప్పు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 609 మందిని రెండు జట్లు చేసి, ఏడాదిపాటు ఒక జట్టుకి కొవ్వు తక్కువ తిండి, రెండో జట్టుకి పిండిపదార్థాలు తక్కువ తిండి తినమన్నారు. 2018లో ఫలితం ప్రకటించారు. కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 5.3 కిలోలు తగ్గారు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్ళు 6 కిలోలు. ఆ తేడాని తేడాగా లెక్కపెట్టలేమని వాళ్ళే చెప్పారు. నన్ను ఆకట్టుకున్నది సగటు కాదు. రెండు జట్లలోనూ 20 కిలోల పైన తగ్గినవాళ్ళున్నారు, ఏడాది కష్టపడి చివరికి బరువు పెరిగినవాళ్ళూ ఉన్నారు. ఇంకో సంగతి, పంచదార, మైదా సరుకు తగ్గించండి, కూరగాయలు బాగా తినండి అని రెండు జట్లకీ చెప్పారు.

అయితే పిండిపదార్థాలు తగ్గించడం దండగా? కాదు. చాలామందికి పనిచేస్తుంది, ఎందుకంటే మనం ఆలోచించకుండా తినేవాటిలో ఎక్కువ భాగం అవే. అవి తీసేసి ఆ చోట ప్రొటీన్, పీచు పెట్టినప్పుడు తక్కువ క్యాలరీలకే కడుపు నిండుతుంది. ఆకలిని ఓర్చుకోనక్కర్లేకుండా తిండి తగ్గుతుంది. అందులో ఉన్న కిటుకు అదే, మంత్రమేమీ లేదు.

నేను చేసిన తప్పు కూడా అక్కడే. తీసేశాను. ఆ చోట ఏమీ పెట్టలేదు. పొద్దున బ్రెడ్ తీసేసి కాఫీ ఒక్కటే. మధ్యాహ్నం అన్నం తీసేసి, అన్నంలోకి వేసుకునే అదే రెండు చెంచాల కూర. సాయంత్రానికి కడుపు మాడిపోయేది. నోరు కట్టేసుకోవడం ఎన్నాళ్ళు కుదురుతుంది? మూడు వారాలు కుదిరింది. నాలుగో వారం ఫ్రిజ్ వెలుతురులో ఏం జరిగిందో మీకు చెప్పేశాను.

బాబూ, ఇంకా అక్కడే ఉన్నావా, పాపం. ఆ కంచంలోంచి అన్నం తియ్యి. ఇంకా. కాటా 200 చూపించేదాకా. చూడండి, ఇప్పుడు కంచంలో ఇంత చోటు ఖాళీ అయింది. 140 గ్రాముల అన్నం పోయింది, 180 క్యాలరీలు పోయాయి. ఈ కంచం ఇలాగే తిని లేస్తే ఈ అబ్బాయి నాలుగింటికి బిస్కెట్లు వెతుక్కుంటాడు. అవునా కాదా? తలూపుతున్నాడు. అందుకని ఖాళీ అయిన చోట రెండు వస్తువులు రావాలి. మొదటిది కూరగాయ. చెంచాడు కాదు, అన్నమంత. ఆకుకూర, బీన్స్, క్యాబేజీ, సొరకాయ, ఏదైనా పర్లేదు, కానీ బంగాళాదుంప మాత్రం అన్నానికి చుట్టం, అది ఈ లెక్కలోకి రాదు. రెండోది ప్రొటీన్. ఒక గుడ్డులో 6 గ్రాములుంటుంది. ఉడికిన పప్పు 100 గ్రాముల్లో సుమారు 9 గ్రాములు, పైగా 8 గ్రాముల దాకా పీచు. పప్పులో పిండిపదార్థం కూడా ఉంది, 20 గ్రాములు, కానీ దానికి నేను భయపడను. చేప, కోడిమాంసం, పనీర్, పెరుగు, సోయా, మీ ఇష్టం. కంచంలో సగం కూరగాయలు, పావు ప్రొటీన్, పావు అన్నమో రొట్టో. కాటా అక్కర్లేదు, కంటితో చూస్తే చాలు.

బరువు తగ్గేటప్పుడు పోయేదంతా కొవ్వే అనుకోకండి, కండ కూడా కొంత పోతుంది. ప్రొటీన్ సరిగ్గా తింటూ, వారానికి రెండుమూడుసార్లు బరువులెత్తడమో, కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటి వ్యాయామమో చేస్తుంటే కండ నిలబడుతుంది. మొహం పీక్కుపోయి, "ఏమైంది, ఒంట్లో బాగాలేదా?" అని నలుగురూ అడిగేలా తగ్గడం తగ్గడం కాదు. వెళ్ళి కూర్చో బాబూ. చప్పట్లు కొట్టండి అతనికి. (చప్పట్లు)

ఇంకో చిన్న సంగతి. అదే భోజనంలో కూర, ప్రొటీన్ ముందు తిని, అన్నమో బ్రెడ్డో చివర్లో తింటే భోజనం తర్వాత రక్తంలో గ్లూకోజ్ పెరిగే జోరు తగ్గుతుందని చిన్న చిన్న పరిశోధనల్లో తేలింది. దాంతోనే బరువు తగ్గుతుందని నేను చెప్పను. కాకపోతే అన్నం దగ్గరికి వచ్చేసరికి సగం ఆకలి తీరి ఉంటుంది, ఆ లాభం మాత్రం నేను స్వయంగా చూశాను.

మళ్ళీ తీపి దగ్గరికి వద్దాం, ఎందుకంటే అన్నిటికన్నా ముందు తగ్గించాల్సింది అదే, అందులోనూ తాగే తీపి. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర. గీసిన చెంచాలతో తొమ్మిది. టీలో తొమ్మిది చెంచాలు వేసి ఇస్తే ఎవరైనా తాగుతారా? చల్లగా, గ్యాసుతో, పుల్లగా ఇస్తే గటగటా తాగేస్తాం. పెద్ద గ్లాసు నారింజ రసంలోనూ 20 గ్రాములకి పైనే. అది పండు నుంచి వచ్చిందే కదా అంటారు. నిజమే. మూడు నారింజలు పిండితే ఆ గ్లాసు వస్తుంది. అర నిమిషంలో తాగేస్తారు. అదే మూడు నారింజలు ఒలుచుకుని తినమంటే? రెండో దానికే చాలంటారు. పీచు చెత్తబుట్టలోకి పోయింది, తీపి గ్లాసులోకి వచ్చింది. పైగా తాగిన క్యాలరీలు తిన్నవాటిలా ఆకలి తీర్చవు. జ్యూసు తాగామని తర్వాతి భోజనంలో మనం ఒక ముద్ద తగ్గించం.

టీ కాఫీల్లో ఒక్కరోజులో మానెయ్యగలిగినవాళ్ళు మానెయ్యండి, నేను మాత్రం అలా చెయ్యలేకపోయాను. మొదటివారం గోపురం గీసేశాను. రెండోవారం ముప్పావు చెంచా, తర్వాత అర. మూడు వారాల పాటు టీ ఏదో మందులా ఉంది, అబద్ధమెందుకు. రెండు నెలలు దాటాక ఎవరింట్లోనో మామూలు టీ ఇస్తే పాకంలా అనిపించి తాగలేకపోయాను. నాలుక అలవాటు మార్చుకుంటుంది, దానికి గడువివ్వాలి. బదులుగా తియ్యటి మాత్రలు వేసుకుంటామంటే, బరువు తగ్గడానికి వాటి మీద ఆధారపడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకి ఆ సలహా వర్తించదు. అయినా నాలుకకి తీపి అలాగే కావాలంటుంటే మనం మార్చిందేముంది?

దాక్కున్న తీపి ఇంకొకటి. ప్యాకెట్ మీద పదార్థాల జాబితా ఎక్కువ బరువున్నదానితో మొదలై తక్కువదానితో ముగుస్తుంది. మొదటి మూడింటిలో పంచదార ఉంటే అది మిఠాయి కిందే లెక్క, ముందువైపు ఏ బొమ్మ వేసినా సరే. గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్, జ్యూస్ కాన్సంట్రేట్, ఇవన్నీ ఆ కుటుంబంవే. సాస్‌లో, తియ్యటి పెరుగు డబ్బాలో, పొద్దున పాలలో వేసుకునే రేకుల్లో చాప కింద నీరులా ఉంటాయి. "కొవ్వు తక్కువ" అని రాసినచోట మరీ జాగ్రత్త, తీసేసిన రుచిని చాలాసార్లు పంచదారతో పూడుస్తారు.

ప్యాకెట్ తిండి మాట వచ్చింది కాబట్టి ఇదొకటి చెప్పి ప్రశ్నలకి వెళ్దాం. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. రెండింటిలోనూ వడ్డించిన చక్కెర, కొవ్వు, పీచు, క్యాలరీలు సమానం. ఎంత కావాలంటే అంత తినండి అన్నారు. ఫ్యాక్టరీ తిండి రోజుల్లో మనుషులు తమకి తెలియకుండానే రోజుకి 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో దాదాపు కిలో పెరిగారు. అందుకే మార్కెట్లో దొరికే "లో కార్బ్", అంటే పిండిపదార్థాలు తక్కువని చెప్పే బిస్కెట్లు, "లో కార్బ్" చాక్లెట్లు చూస్తే నాకు నవ్వొస్తుంది. ఖాళీ అయిన చోట మళ్ళీ ప్యాకెట్టే పెడుతున్నాం.

అడగండి.

(ప్రశ్న: పళ్ళు తినొచ్చా మేడమ్? వాటిలోనూ చక్కెర ఉంటుంది కదా.)

తినండి. పండుని పండుగా తినండి. ఒక ఆపిల్ తిని లావెక్కినవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు. ఎండు ఖర్జూరాలు, ఎండుద్రాక్ష మాత్రం లెక్కపెట్టుకోండి, నీళ్ళు పోయి తీపి మిగిలిన సరుకు అది, పిడికెడంటే పిడికెడు లోపలికెళ్ళిపోతుంది.

(ప్రశ్న: పంచదార బదులు తేనె?)

తేనెలో ఐదింట నాలుగు వంతులు చక్కెరే. బ్రౌన్ షుగర్ అయితే రంగు తేడా, అంతే. రుచి కోసం వాడితే వాడండి, ఆరోగ్యం పేరు చెప్పి రెండు చెంచాలు ఎక్కువ వెయ్యకండి.

(ప్రశ్న: కీటో డైట్ మీద మీ అభిప్రాయం?)

అది నిజానికి వైద్యంగా పుట్టింది. 1921లో అమెరికాలో రసెల్ వైల్డర్ అనే డాక్టరు మూర్ఛరోగుల కోసం ప్రతిపాదించారు. మందులు పనిచెయ్యని కొందరు పిల్లలకి డాక్టర్ల పర్యవేక్షణలో ఇప్పటికీ ఇస్తారు. రోజుకి 50 గ్రాములలోపు పిండిపదార్థాలు. ఇందాక చూసిన ఆ 200 గ్రాముల అన్నంతోనే ఆ కోటా అయిపోతుంది. బరువు తగ్గుతారు, కాదనను. కానీ కొందరికి చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది, మలబద్ధకం వస్తుంది, పెళ్ళికి వెళ్ళినా పుట్టినరోజుకి వెళ్ళినా నలుగురితో కలిసి తినలేరు. పిండిపదార్థాలు తగ్గించడమనేది కొత్త సంగతి కూడా కాదులెండి. 1860లలో లండన్‌లో విలియం బాంటింగ్ అని శవపేటికలు, అంత్యక్రియల వ్యాపారం చేసే ఆయన, డాక్టరు చెప్పాడని బ్రెడ్, పంచదార, బీరు, బంగాళాదుంప మానేసి, ఏడాదిలో సుమారు 20 కిలోలు తగ్గి, ఆ సంగతి చిన్న పుస్తకంగా అచ్చేసి పంచాడు. స్వీడన్ భాషలో ఇప్పటికీ డైటింగ్ చెయ్యడాన్ని ఆయన పేరు మీదే 'బాంటా' అంటారు. అంటే ఈ గోల 160 ఏళ్ళ నాటిది. ఐదేళ్ళ తర్వాత కూడా అలాగే తినగలనని మీకు నమ్మకం ఉందా, లేదా? ఉంటే డాక్టరుకి చెప్పి మొదలుపెట్టండి. నాకు లేదు, అందుకే నేను చెయ్యలేదు.

(ప్రశ్న: మొదటి రెండు నెలలు బాగా తగ్గాను. ఇప్పుడు నెల రోజులుగా కాటా కదలడం లేదు.)

రెండు కారణాలు ఉండొచ్చు. తేలికైన ఒంటికి తక్కువ శక్తి చాలు. 80 కిలోల మనిషిని నిలబెట్టిన తిండిలో లోటు చేస్తే తగ్గాం, ఇప్పుడు 72 కిలోల మనిషికి ఆ లోటు అంత లోటు కాదు. అది సహజం, కంగారుపడకండి. రెండోది నేను ఎక్కువగా చూసేది. ఇందాకటి కప్పు చూడండి. గోపురం మళ్ళీ పెరుగుతుంది. మొదటివారం గీసిన చెంచా, మూడో నెలకి మనకి తెలియకుండానే నిండిపోతుంది. 200 గ్రాముల అన్నం 260 అవుతుంది. ఒక్క మూడు రోజులు కాటా బయటికి తియ్యండి. ఎవరినీ తిట్టుకోనక్కర్లేదు, అంకె చూస్తే చాలు. ఇంకో మాట, నడుము కొలత కూడా చూసుకోండి, ఒక్కోసారి కాటా కదలకపోయినా టేపు కదులుతుంది.

(ప్రశ్న: నాకు షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటాను, రాత్రి ఇన్సులిన్ కూడా. రేపటి నుంచి అన్నం సగం చెయ్యమంటారా?)

ఆగండి. రేపటి నుంచి వద్దు. మీరు వేసుకునే మందు మోతాదు, మీరు ఇప్పుడు తింటున్న అన్నాన్ని బట్టి నిర్ణయించింది. అన్నం సగం చేసి మందు అంతే వేసుకుంటే రక్తంలో గ్లూకోజ్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది, రాత్రి నిద్రలో అయితే ఇంకా ప్రమాదం. ఇన్సులిన్‌కే కాదు, కొన్ని రకాల మాత్రలకీ ఇదే భయం. ఇంకో రకం మాత్రలున్నాయి, మూత్రంలోంచి గ్లూకోజ్‌ని పంపించేవి. అవి వేసుకుంటూ పిండిపదార్థాలు మరీ తగ్గిస్తే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది, అప్పుడు గ్లూకోజ్ పరీక్షలో అంకె మామూలుగానే కనిపించి మోసం చెయ్యొచ్చు. మీలాంటివాళ్ళకి అన్నం తగ్గించడం మంచిదే, చాలామందికి మందుల అవసరం కూడా తగ్గుతుంది. కానీ అన్నం, మందు రెండూ కలిపి తగ్గించాలి, అదీ మీ డాక్టరు చెప్పిన లెక్కలో. గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఎదిగే పిల్లలు, ఒకప్పుడు తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడినవాళ్ళు, మీరూ అంతే, డాక్టరుని అడగకుండా ఇవాళ విన్నది ఏదీ మొదలుపెట్టొద్దు.

మీరు తాగే టీలో పంచదార వేసుకుంటున్నారా? అరచెంచానా. గోపురంతోనా, గీసా? (నవ్వులు) సరే, ఉన్నట్టుండి మార్చకండి, అదీ మందుతోపాటే డాక్టరుకి చెప్పండి. ఈలోగా కూర రెట్టింపు చెయ్యడం మొదలుపెట్టొచ్చు. మీ మందుల చీటీ దగ్గరుందా? ఫోన్‌లో ఫోటో ఉన్నా సరే. అందరూ లేచాక ఒక్క ఐదు నిమిషాలు ఆగండి, డాక్టరుని ఏమేం అడగాలో కాగితం మీద రాసిస్తాను.